మొదటి రెండు రాత్రుల గురించి

చిరంజీవి మాధవికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

చెట్లూ నీళ్లూ ఉన్నచోట ఒక్కదానివే నాలుగు రోజులు ఉండి రావాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. తప్పకుండా వెళ్లు, నీ ఆటిజానికి తగ్గట్టు ముందే అన్నీ చూసుకుంటే చాలు. కాకపోతే అరకు ఇప్పుడే వద్దు. మొదటిసారి, ఇక చాలనిపించిన గంటలోనే బయల్దేరి ఆ రాత్రికి గుంటూరులో నీ మంచం మీద పడుకోగలిగినంత దూరమే వెళ్లాలి. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వెళ్లు, రెండు రాత్రులు సరిపోతాయి. భవానీ ద్వీపం దగ్గరే కదా అంటావేమో, అక్కడ పడవ నీ చేతిలో ఉండదు. బ్యారేజీకి వరదొస్తే పడవలు ఆపేస్తారు కూడా.

దానికి ముందు ఒక పూట ఉప్పలపాడు వెళ్లి నిన్ను నువ్వు పరీక్షించుకో. ఊరికి ఎనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. చలికాలంలో చెరువులోని చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఉంటాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో రెట్టల వాసన అంత ఘాటుగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. గూళ్లల్లో పిల్లలు ఆపకుండా అరుస్తాయి. ఉదయం 7కల్లా చేరి గంటన్నరలో తిరిగొచ్చేయ్. నిన్ను ముందు ఇబ్బంది పెట్టింది వాసనా, చప్పుడా, వెలుతురా, మనుషులా, ఆ రోజే రాసిపెట్టుకో. సూర్యలంకకి సామాను దాన్నిబట్టి సర్దుకోవాలి.

చప్పుడే అయితే, పెద్ద హెడ్‌ఫోన్లు మన కోస్తా ఉక్కలో పది నిమిషాలకే చెమటపట్టి చిరాకు పుట్టిస్తాయి. స్పాంజి ఇయర్‌ప్లగ్గులు కొనుక్కో. చాలామంది వాటిని ఊరికే చెవిలో దోపి, పనిచేయట్లేదంటారు. వేళ్ల మధ్య సన్నటి వత్తిలా నలిపి, రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపల పెట్టి 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. అది లోపల ఉబ్బి అతుక్కుంటేనే చప్పుడు తగ్గుతుంది. ఇంట్లో మిక్సీ వేసి సాధన చెయ్యి. రోడ్డు మీద మాత్రం తీసెయ్, హారన్ వినపడాలి.

తేదీలకి ముందు పంచాంగం చూడు. కార్తీకమాసం అసలొద్దు, సముద్రస్నానాలకి జనం విరగబడతారు. శని, ఆదివారాలూ వద్దు. మంగళవారం వెళ్లి గురువారం రా. పెళ్లి ముహూర్తాలున్న రోజులు కూడా తప్పించు. గది బుక్ చేసేముందు రిసార్టుకి ఫోన్ చేసి, "ఆ రెండు రాత్రులూ మీ లాన్‌లో ఫంక్షన్ ఏమైనా ఉందా, డీజే ఉందా?" అని సూటిగా అడుగు. "ప్రశాంతంగా ఉంటుందా" అని అడిగితే ఎవరైనా ఉంటుందనే అంటారు.

గది ఫొటోలు నమ్మకు. వాట్సాప్‌లో ఒక్క నిమిషం వీడియో పంపమను: ఫ్యాన్, ఏసీ వేసి, ట్యూబులైటు వెలిగించి, బాత్రూమ్ తలుపు తీసి. ఏసీ రొద, లైటు మినుకుమినుకు అందులోనే తెలిసిపోతాయి. జనరేటరుకీ వంటగదికీ దూరంగా, చివరి గది అడుగు. నువ్వు వచ్చేరోజు ఫినాయిల్, రూమ్ స్ప్రే వాడొద్దని, బాత్రూమ్‌లో కలరా ఉండలు తీసెయ్యమని ముందురోజే చెప్పు. దుప్పటి, దిండుగలీబు ఇంటినుంచే తీసుకెళ్లు, నీ సబ్బు వాసనతో. కొత్త గదిలో నిద్రపట్టడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

తిండికి కందిపొడి, నెయ్యి, అటుకులు దగ్గర పెట్టుకుంటే చాలు. అన్నం, పెరుగు ఎక్కడైనా దొరుకుతాయి. టిఫిన్‌కి గుంపుకంటే ముందే వెళ్లు.

ఆటిజం ఉన్న చాలామందికి దాహం, అలసట ఆలస్యంగా తెలుస్తాయి. అందుకని 45 నిమిషాలకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని అరగ్లాసు నీళ్లు తాగు. ఇసుక తగలడం గిట్టకపోతే వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకో. సముద్రంలో ఒక్కదానివే మోకాళ్ల లోతు దాటి వెళ్లొద్దు. ఈ మాట మాత్రం పట్టుబట్టి చెబుతున్నాను తల్లీ, అక్కడ మునిగిపోయినవాళ్లు ఉన్నారు.

మాట ఆగిపోయినప్పుడు చూపించడానికి తెలుగులో పెద్దక్షరాలతో ఒక అట్టముక్క రాసుకో: "నాకు ఆటిజం ఉంది. ఇప్పుడు మాట్లాడలేను, మీ మాట వినపడుతుంది. దయచేసి నన్ను ముట్టుకోకండి. 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత కూడా ఇలాగే ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి." బ్యాగు పై అరలో ఆధార్‌తోపాటు పెట్టుకో. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటే అదీ పెట్టు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది, ఎవరైనా నమ్మకపోతే చూపించొచ్చు. "ఒక్కదానివే వచ్చావా? పెళ్లయిందా?" అని అడుగుతారు. "విశ్రాంతికి వచ్చానండీ" అని ఒక్కమాట అలవాటు చేసుకో, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

బాపట్ల స్టేషన్ నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. ఆటో రానుపోను ముందే మాట్లాడుకుని, అతని నంబరు కాగితం మీద రాసుకో. రోజూ సాయంత్రం గుంటూరుకి వచ్చే బండి వేళ కూడా దానికిందే రాయి. చేరిన పూట ఎక్కడికీ కదలకు, గది అలవాటు కావడమే ఆ పూట పని. "పన్లోపని చీరాల కూడా చూసిరా" అని ఎవరన్నా ఊ కొట్టకు. ఇలాంటి ప్రయాణాలు ఎక్కువగా చెడేది అక్కడే.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఉదయం 9కి ఒకటి, రాత్రి 8కి ఒకటి నీ మెసేజ్ వస్తే చాలు, తను ఫోన్ చెయ్యదు. శుక్రవారం కూడా సెలవు పెట్టి ఇంట్లోనే ఉండు.

గది వీడియో రాగానే నాకూ పంపు.

పెద్దమ్మ