ఆకు కలిసిన అశ్వగంధను సప్లయర్‌కు తిరిగి పంపేయవచ్చా?

ప్రశ్న: మాది మేడ్చల్ జిల్లాలో చిన్న ఫుడ్ సప్లిమెంట్ల యూనిట్. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు ఉంది. ఒక సప్లయర్ దగ్గర అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్ 200 కిలోలు కొన్నాం. 25 కిలోల డ్రమ్ములు ఎనిమిది. సగం డబ్బు అడ్వాన్సుగా కట్టాం. సరుకు వచ్చి 9 రోజులైంది. ఆయన ఇచ్చిన సీఓఏలో (సరుకు పరీక్ష ఫలితాల సర్టిఫికెట్‌లో) విథనోలైడ్లు, అంటే అశ్వగంధలో పనిచేసే పదార్థాలు, 5 శాతం అని ఉంది. ఒక డ్రమ్ములోంచి శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపితే 1.8 శాతమే వచ్చింది, పైగా ఆకు కలిసిన గుర్తులు ఉన్నాయని రాశారు. రిపోర్టు రాకముందే అదే డ్రమ్ములోని 6 కిలోలు క్యాప్సూళ్లలో నింపేశాం, అవి ఇంకా బయటికి వెళ్లలేదు. సప్లయరేమో "గొడవెందుకు మేడమ్, సరుకు వెనక్కి పంపండి, క్రెడిట్ నోట్ ఇస్తా" అంటున్నారు, అంటే బిల్లు మొత్తాన్ని తగ్గిస్తున్నట్లు కాగితం ఇస్తారట. పంపేయమంటారా? లేక మేమే పారబోస్తే ఏమైనా ఇబ్బందా?
— ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దు. ఇప్పుడే తిప్పి పంపకండి, మీ అంతట మీరు పారబోయకండి. మీరు వెనక్కి పంపిన ఎనిమిది డ్రమ్ములు లేబులు మార్చుకుని ఇంకో చిన్న యూనిట్‌కు చేరతాయి. అక్కడ పరీక్ష చేయించే అలవాటు లేకపోతే ఎవరి నోట్లోకో వెళతాయి. ఈ వ్యాపారంలో కల్తీ ఆగకపోవడానికి నాకు కనిపించే ప్రధాన కారణం ఇదే: పట్టుబడిన సరుకు నాశనం కావడం లేదు, చేతులు మారుతోంది, అంతే.

ముందు చేయాల్సింది, ఈ రోజే, సరుకును తిరస్కరిస్తున్నట్లు రాతపూర్వకంగా తెలపడం. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఈమెయిల్ పంపి, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఇన్‌వాయిస్ నంబరు, లాట్ నంబరు, ఎనిమిది డ్రమ్ముల నంబర్లు, సరుకు అందిన తేదీ, సీఓఏలో చెప్పిందేమిటి, ల్యాబ్‌లో తేలిందేమిటి, అన్నీ ఉండాలి. "సరుకును తిరస్కరిస్తున్నాం, మీ ఖర్చు మీద, మీ రిస్కు మీద మా దగ్గర విడిగా ఉంచాం" అనే వాక్యం తప్పనిసరి. ఎందుకు తొందరంటే, చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్లు లెక్క. ఆ తర్వాత మిగతా సగం డబ్బుకు బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ అడిగే హక్కు సప్లయర్‌కు వస్తుంది. ఆయన తయారీదారుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉన్నవారైతే ఆయనకు ఈ వాదన గట్టిగా పనిచేస్తుంది. కేవలం ట్రేడరైతే ఆ వడ్డీ అంత తేలిగ్గా దొరకదు. ఏదైనా మీకు ఇంకా ఆరు రోజులుంది, ఆ గీత దాటవద్దు.

ఇక తిరిగి పంపే విషయం. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం, 1930లోని 43వ సెక్షన్ మీ వైపే ఉంది. తిరస్కరించే హక్కు ఉండి తిరస్కరించిన కొనుగోలుదారు, ఒప్పందంలో వేరేగా లేకపోతే, సరుకును వెనక్కి పంపాల్సిన బాధ్యత లేదు. తిరస్కరిస్తున్నానని తెలిపితే చాలు. తిరస్కరించే హక్కు 15వ సెక్షన్ నుంచి వస్తుంది. "వేరు ఎక్స్‌ట్రాక్ట్, 5 శాతం" అని వర్ణించి అమ్మినప్పుడు వచ్చిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి.

అయితే పంపనక్కర్లేదు అన్నంత మాత్రాన పారబోసే హక్కు వచ్చినట్లు కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తిరస్కరించిన సరుకు ఇంకా సప్లయర్‌దే. ఆయన యాజమాన్యానికి విరుద్ధమైన పని మీరు చేస్తే 42వ సెక్షన్ ప్రకారం సరుకును అంగీకరించినట్లే. కాల్చేయడం, నీళ్లలో కలిపేయడం అలాంటి పనులే. అప్పుడు తిరస్కరణ పోయి, నష్టపరిహారం అడగడం ఒక్కటే మిగులుతుంది, చేతిలో సాక్ష్యం కూడా ఉండదు.

మీరు వాడేసిన 6 కిలోలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఎదుటి లాయరు మొదట పట్టుకునే పాయింట్ అదే: 13వ సెక్షన్ ప్రకారం విడదీయరాని ఒప్పందంలో కొంత సరుకు అంగీకరించినా మొత్తానికి తిరస్కరణ హక్కు పోతుందని అంటారు. మీ జవాబు 41వ సెక్షన్‌లో ఉంది: పరీక్షించే సహేతుకమైన అవకాశం దొరికేదాకా అంగీకరించినట్లు కాదు. కోర్టు ఒకవేళ మీ వాదన ఒప్పుకోకపోయినా 59వ సెక్షన్ కింద ధరలో తగ్గింపు, నష్టపరిహారం అడగొచ్చు. ఆ క్యాప్సూళ్ల బ్యాచ్‌ను మాత్రం ఈ రోజే హోల్డ్‌లో పెట్టి, బ్యాచ్ రికార్డులో తేదీతో సహా రాసి సంతకం చేయండి. ఒక్క డబ్బా బయటికి వెళ్లినా వ్యవహారం రీకాల్ దాకా, అంటే మార్కెట్ నుంచి సరుకు వెనక్కి రప్పించేదాకా పోతుంది.

క్రెడిట్ నోట్ కావాలంటే సరుకు వెనక్కి రావాల్సిందేనని సప్లయర్ అంటే నమ్మకండి. సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) చట్టం 34వ సెక్షన్‌లో సరుకు తిరిగి వచ్చినప్పుడే కాదు, సరఫరాలో లోపం తేలినప్పుడు కూడా క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చు. మీరు తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి దొరికే మినహాయింపును) ఆ మేరకు వెనక్కి చూపాలి. క్రెడిట్ నోట్ రాకుండానే సరుకు నాశనం చేసినా 17(5)(హెచ్) కింద ఆ క్రెడిట్ పోతుంది, ఆ మొత్తాన్ని నష్టపరిహారంలో కలిపి అడగాలి.

ఇప్పుడు మీ ల్యాబ్ రిపోర్టు గురించి. మీ యూనిట్ లోపలి అవసరానికి అది చాలు, కేసుకు చాలదు. అందులో చివర చిన్న అక్షరాలతో "శాంపిల్ కస్టమర్ అందజేసినది, మేము తీసినది కాదు" అని ఉండే ఉంటుంది, చూడండి. పైగా ఒక డ్రమ్ము రిపోర్టుతో ఎనిమిది డ్రమ్ములను తిరస్కరించడాన్ని సప్లయర్ తప్పకుండా ప్రశ్నిస్తారు. కాబట్టి శాంపిళ్లు ల్యాబ్ మనిషితోనే తీయించండి. ఎనిమిది డ్రమ్ముల్లోనూ పైన, మధ్యన, అడుగున నుంచి తీయాలి. ఒక్కో డ్రమ్ము శాంపిల్‌ను మూడు భాగాలు చేసి, ఒకటి ల్యాబ్‌కు, ఒకటి మీకు, ఒకటి సప్లయర్‌కు అని సీలు వేయాలి. మూడు రోజుల గడువుతో సప్లయర్‌ను మెయిల్ చేసి పిలవండి. రాకపోతే ఇద్దరు సాక్షుల ముందు, వీడియో తీస్తూ పూర్తి చేయండి. ఆ వీడియోను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) కావాలి, అందుకే తీసిన ఫోన్‌నూ అసలు ఫైలునూ భద్రంగా ఉంచండి.

ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే సరిపోదు, ఆ గుర్తింపు పరిధిలో మీకు కావలసిన పరీక్ష ఉందో లేదో అడగాలి. 5 శాతానికి, 1.8 శాతానికి మధ్య తేడాలో కొంత భాగం పరీక్ష పద్ధతి వల్ల కూడా వచ్చి ఉండొచ్చు. తూకం పద్ధతిలో చూస్తే ఇతర పదార్థాలు కూడా విథనోలైడ్ల లెక్కలో పడి అంకె పెరుగుతుంది, పదార్థాలను విడదీసి ఒక్కొక్కటీ కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో అసలు అంకె బయటపడుతుంది. మీ పర్చేజ్ ఆర్డర్‌లో పద్ధతి పేరు లేకపోతే శాతం మీద సప్లయర్‌కు వాదించే చోటు దొరుకుతుంది. ఆకు విషయంలో ఆ చోటు లేదు. అందుకే కేసును శాతం మీద కాకుండా ఆకు మీద నిలబెట్టండి. నేరుగా దంచిన పొడిలోనైతే మైక్రోస్కోపు కింద ఆకు నూగు, పత్రరంధ్రాలు కనిపిస్తాయి. ఎక్స్‌ట్రాక్ట్‌లో కణాలు మిగలవు కనుక అది పనికిరాదు. హెచ్‌పీటీఎల్‌సీ (పదార్థాలను పట్టీలుగా విడదీసి చూపే పరీక్ష) ప్లేటు మీద అసలైన వేరు, అసలైన ఆకు రెఫరెన్సు శాంపిళ్లను మీ ఎనిమిది శాంపిళ్ల పక్కనే నడిపించి, ప్లేటు ఫొటోతో సహా రిపోర్టు ఇమ్మనండి. ఆకులో విథాఫెరిన్-ఎ అనే విథనోలైడ్ ఎక్కువ కాబట్టి హెచ్‌పీఎల్‌సీలో ఆ అంకె విడిగా చూపించమనండి.

ఆకు కూడా అదే మొక్కది కదా, పెన్నేరే కదా అని సప్లయర్ అనొచ్చు. ఆయుర్వేద ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథంలో) అశ్వగంధ అంటే వేరు. 2021 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా ఆకు వాడవద్దని తయారీదారులకు సూచించింది. మీ లేబుల్ మీద "వేరు" అని రాసి లోపల ఆకు ఉంటే ఆహార భద్రత చట్టం, 2006 కింద తప్పుడు లేబుల్‌కు మీ మీదే 3 లక్షల దాకా, నాసిరకానికి 5 లక్షల దాకా జరిమానా పడుతుంది. సప్లయర్ ఇచ్చిన ఇన్‌వాయిస్‌ను 26(4) ప్రకారం హామీ పత్రంగానే చూస్తారు కనుక దాన్ని జాగ్రత్త చేయండి. కానీ కల్తీ అని తెలిశాక కూడా వాడితే ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు. మీకు తెలిసింది రిపోర్టు చేతికొచ్చిన రోజున, అక్కడి నుంచి ప్రతి అడుగూ రికార్డులో ఉండాలి.

సరుకును మీ గోడౌన్‌లో ఉంచుకోవడంలోనూ ఒక చిక్కు ఉంది. అదే చట్టం 57వ సెక్షన్ కల్తీ పదార్థాన్ని నిల్వ చేసినా 2 లక్షల దాకా, అది ఆరోగ్యానికి హానికరమైతే 10 లక్షల దాకా జరిమానా చెబుతుంది. వేరేవాళ్ల తరఫున ఉంచాను అనే జవాబు చెల్లదని కూడా అందులోనే ఉంది. కాబట్టి డ్రమ్ములకు ఎర్ర లేబుల్ అంటించి, తాళం వేసిన విడి గదిలో పెట్టి, మీ లైసెన్సు ఇచ్చిన ఆహార భద్రత అధికారి డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు ఒక ఉత్తరం రాయండి: ఎంత సరుకు, ఎవరి దగ్గర కొన్నది, ఎందుకు తిరస్కరించాం, ఎక్కడ ఉంచాం, ఏం చేయబోతున్నాం. అందినట్లు రసీదు తీసుకోండి. ఆ ఉత్తరం మీ దగ్గర ఉంటే, అమ్మడానికే దాచారన్న ఆరోపణకు బలం ఉండదు. తిరస్కరించిన సరుకు, దాన్ని ఏం చేశారు అనే వివరాలను మూడు నెలలకోసారి ఫోస్కోస్ (ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ లైసెన్సు) పోర్టల్‌లో ఇవ్వాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 డిసెంబరులో తయారీదారులను ఆదేశించింది, దాన్ని కూడా మరవకండి.

ఇవన్నీ అయ్యాక సప్లయర్ ముందు ఒకే ప్రతిపాదన పెట్టండి: ఇద్దరి సమక్షంలో సరుకు నాశనం, ఖర్చు ఆయనది, క్రెడిట్ నోట్, అడ్వాన్సు వాపసు. ఒప్పుకుంటే సంతకాలతో రెండు పేజీల ఒప్పందం చాలు. మీ ఆవరణ దాటకముందే పొడిని తడి సున్నంతో కలిపి ఎందుకూ పనికిరాకుండా చేయాలి, పొడిగా ఉన్నది దారిలోనే మాయమవుతుంది. తర్వాత అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థకు అప్పగించి, తూకం చీటీ, సర్టిఫికెట్ తీసుకోండి. ఖాళీ డ్రమ్ములను కూడా పగలగొట్టించి, లేబుళ్లను చింపించండి. లేబుల్‌తో ఉన్న ఖాళీ డ్రమ్ము ఇంకో కల్తీ సరుకుకు రెడీమేడ్ గుర్తింపు కార్డు.

ఒప్పుకోకుండా "నా సరుకు నాకిచ్చేయండి" అని పట్టుబడితే? తిప్పి ఇవ్వడమే నేరమని చట్టంలో నేరుగా లేదు. ఆయన సొంత ఖర్చుతో లారీ పంపితే శాశ్వతంగా ఆపే హక్కూ మీకు లేదు. అప్పుడు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయడమే సరైన దారి. ఆహార భద్రత చట్టం 38వ సెక్షన్ కింద ఆ అధికారి శాంపిల్ తీయవచ్చు, సరుకు సీజ్ చేయవచ్చు. ఆ పైన అది మీ ఇద్దరి చేతుల్లోనూ ఉండదు. అధికారి వచ్చేలోపే ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, డెలివరీ చలాన్ మీదా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్‌టీ పత్రం) కాగితాల మీదా "కల్తీగా తేలి తిరస్కరించినది, మనుషుల వాడకానికి పనికిరాదు" అని రాసి, ప్రతి డ్రమ్ము మీద చెరగని రంగుతో అదే మాట వేసి, కాపీ అధికారికి పంపి మరీ ఇవ్వండి.

మీ తర్వాతి పర్చేజ్ ఆర్డర్లలో ఈ క్లాజు చేర్చండి. అమెరికాలో బొటానికల్ అడల్టరెంట్స్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ (మూలికల్లో కల్తీని అరికట్టే కార్యక్రమం) వారు ఇదే ఉద్దేశంతో ఒక నమూనా రూపొందించారు. మన చట్టానికి సరిపోయేలా ఇలా రాసుకోవచ్చు:

"సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు ప్రతి డ్రమ్మునూ పరీక్షించవచ్చు. పరీక్షకు వాడిన సరుకు అంగీకారం కాదు. విథనోలైడ్ల శాతాన్ని హెచ్‌పీఎల్‌సీతోనే చూడాలి. వేరే మొక్క, మొక్కలో వేరే భాగం, చెప్పని మందు పదార్థం, కలిపిన రంగు తేలితే ఆ లోపం సరిదిద్దరానిది. సప్లయర్ 7 రోజుల్లో తన దగ్గరున్న రెండో శాంపిల్‌ను ఇరువురూ ముందే ఒప్పుకున్న ల్యాబ్‌లో పరీక్షించుకోవచ్చు, ఆ ఫలితమే అంతిమం. లోపం ఖాయమైతే సరుకు సప్లయర్‌కు తిరిగి వెళ్లదు. దాన్ని నాశనం చేసే అధికారం కొనుగోలుదారుకు సప్లయర్ ఈ ఒప్పందం ద్వారా ఇస్తున్నారు. అలా నాశనం చేయడం అంగీకారం కాదు. ఖర్చు సప్లయర్‌ది."

తేమ ఎక్కువగా ఉండటం, లేబుల్ తప్పు పడటం లాంటి సరిదిద్దగల లోపాలను ఈ క్లాజులోకి లాగకండి. వాటికి సరుకు తిప్పి పంపడమే న్యాయం, లేకపోతే నిజాయితీగల సప్లయర్ కూడా సంతకం పెట్టడు.

చివరిగా అడ్వాన్సు. వ్యాపారం కోసం కొన్నారు కనుక వినియోగదారుల కమిషన్ మీకు పనికిరాదు. మొత్తం 3 లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందుగా కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ కింద న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వం తప్పనిసరి. డ్రమ్ములను భద్రపరచడానికి, శాంపిళ్లు తీయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 7 కింద ఉత్తర్వు నిజంగానే అత్యవసరమైతే నేరుగా దావా వేయొచ్చు. దావా వేయడానికి గడువు మూడేళ్లు ఉన్నా, సీలు వేసిన శాంపిళ్ల ఎక్స్‌పైరీ తేదీ అంతకంటే ముందే ఉండొచ్చు. దాన్ని చూసుకుని కదలండి.