తడి ఆరేదాకా ఆగు, నాయనా

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

మీ పెరట్లో ఇటుకలతో పిజ్జా ఓవెన్ కట్టబోతున్నావనీ, వేడికి తట్టుకునే ఫైర్ బ్రిక్స్ అప్పుడే దిగాయనీ, వచ్చే నెల 31వ తేదీ రాత్రి నలభై మందిని భోజనానికి పిలిచావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. పదేళ్ల క్రితం కాకినాడలో మన బేకరీ మూసిన తరువాత ఈ ఇంట్లో ఇటుకనూ నిప్పునూ కలిపి ముట్టుకునేవాడు మళ్లీ పుడతాడని నేను అనుకోలేదు. ఆ సంతోషంతో రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ తరువాత తేదీ గుర్తుకు వచ్చి, తెల్లవారేదాకా అసలు పట్టలేదు.

పునాది సంగతి ముందు చెబుతాను. మీది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ మట్టి మీద నాలుగంగుళాల స్లాబు పోసి ఊరుకుంటే రెండేళ్లలో పగులుతుంది. కాబట్టి రేగడి తీసేసి మొరం దిమ్మిస కొట్టించి, దాని మీద ఇనుప చువ్వలతో స్లాబు వేయించు. మేడ మీద కట్టాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే మానుకో, ఓవెన్ బరువు దిమ్మెతో కలిపి టన్ను దాటుతుంది. గదిలో గానీ, నాలుగు వైపులా మూసిన షెడ్డులో గానీ కట్టవద్దు, నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

నా బేకరీ బట్టీని మనసులో పెట్టుకుని కొలతలు వేయకు. మేము లోపల కట్టెలు కాల్చి, నిప్పులు బయటికి లాగేసి, గోడలు దాచుకున్న వేడితో రొట్టె కాల్చేవాళ్లం. అందుకే గోడలు మందంగా ఉండేవి, గుమ్మటం మీద ఇసుక పోసేవాళ్లం, వేడెక్కడానికి సగం రాత్రి పట్టేది. పిజ్జాకు మంట లోపలే ఒక పక్కన మండుతూ ఉండాలి, గుమ్మటం కింద నాలుకలు చాచి అవతలి వైపు దాకా పాకాలి. నేపుల్స్ వాళ్ల పొయ్యిలో నేల దాదాపు 430 డిగ్రీల వేడి మీద ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. ఆ పనివాళ్ల విద్యను యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించిందని పత్రికలో చదివినప్పుడు, జీవితమంతా పొయ్యి ముందు నిలబడ్డ నాకు కళ్లు చెమర్చాయి.

నీ గుమ్మటానికి నాలుగున్నర అంగుళాల మందం, అంటే సగం ఇటుక, చాలు. లోపలి వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 18 అంగుళాలు పెట్టుకుంటే తలుపు ఎత్తు పదకొండుంపావు దగ్గర ఉండాలి. తలుపు ఎత్తు గుమ్మటం ఎత్తులో 63 శాతం ఉండాలని పాతవాళ్లు తేల్చిన లెక్క అది. ఎక్కువైతే వేడి బయటికి పోతుంది, తక్కువైతే మంటకు గాలి అందక పొగ కమ్ముతుంది. పొగగొట్టం గుమ్మటం నడినెత్తిన పెట్టించకు, తలుపుకు బయటి వైపు కమాను మీద పెట్టించు. నేల ఇటుకలను సున్నంతో గానీ సిమెంటుతో గానీ అతికించకుండా, వేడికి తట్టుకునే బంకమట్టి పొడి అయిన ఫైర్‌క్లే కలిపిన పలుచని ఇసుక పరుపు మీద పొడిగానే పేర్చు, పగిలిన ఇటుకను తరువాత తేలికగా మార్చుకోవచ్చు. నేల కింద, వేడిని ఆపే తేలికైన గుల్ల రాతి గుళికలు, పెర్లైటు గానీ వెర్మిక్యులైటు గానీ, అయిదు పాళ్లకు ఒక పాలు సిమెంటు కలిపి నాలుగంగుళాలు పోయించు, లేకపోతే వేడంతా స్లాబు తాగేస్తుంది. గుమ్మటం మీద వేడి బయటికి పోకుండా ఆపే సిరామిక్ ఫైబర్ దుప్పటి కప్పేటప్పుడు మాస్కూ, చేతి తొడుగులూ లేకుండా దానిని ముట్టుకోవద్దు, ఆ నూగు ఊపిరితిత్తులలో చేరితే మంచిది కాదు.

మేస్త్రీ తనకు అలవాటైన సిమెంటు మాలే కలుపుతానంటాడు, ఒప్పుకోకు. మామూలు సిమెంటు 300 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటూ వస్తుంది. మూడు పాళ్లు సన్న ఇసుక, ఒక్కొక్క పాలు సిమెంటు, సున్నం, ఫైర్‌క్లే కలిపించు. సిమెంటు కట్టేటప్పుడు పట్టు ఇస్తుంది, వేడికి అది సడలిన తరువాత సున్నమూ మట్టీ పట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అమ్మ ఎడమ ముంజేతి మీద ఉన్న పొడవాటి మచ్చను నీవు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావు. నూనె చిందిందని నీకు చెప్పి ఉంటుంది. మా నాన్నగారికి కూడా అలాగే చెప్పింది. అది నూనె కాదు. ఈ సంగతి రాయడానికి ఆమె అనుమతి అడిగాను. కాసేపు మాట్లాడకుండా ఉండి, "వాడికి పనికొస్తుందంటే రాయి అన్నయ్యా" అన్నది.

1983లో నాకు 26 ఏళ్లు. నాన్నగారు ఎకరం పొలం తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బుతో బేకరీ మొదలుపెట్టాను. డిసెంబరు రెండో వారానికి బట్టీ కట్టడం పూర్తయింది. నేలకు ఫైర్ బ్రిక్స్ కొనడానికి డబ్బు చాలక, ఎవరి ఇంటి పనిలోనో మిగిలి నవంబరు వానలన్నీ నానిన కడప బండలు తెచ్చి పరిపించాను. కట్టిన మేస్త్రీ వెళుతూ వెళుతూ, నెల రోజులు ఆరనిచ్చి, ఆ తరువాత వారం పాటు చిన్న చిన్న మంటలే పెట్టమని నా చేయి పట్టుకుని మరీ చెప్పాడు. నేను తల ఊపాను. కానీ అప్పటికే కొత్త సంవత్సరం కేకులకు 200 మంది దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాను, ఆ డబ్బు పిండికీ పంచదారకూ ఖర్చయిపోయింది. 28వ తేదీ సాయంత్రం బట్టీ నిండా సరుగుడు మొద్దులు పేర్చి నిప్పు పెట్టాను.

రెండు గంటల తరువాత గుమ్మటం పైనుంచి తెల్లగా లేవసాగింది. పొగ అనుకుని సంతోషించాను. అది ఆవిరి అని తెలుసుకునే జ్ఞానం అప్పుడు నాకు లేదు. రాత్రి భోజనానికి రాలేదని చెల్లాయి క్యారియరు తీసుకుని వచ్చింది. దానికప్పుడు పదిహేడేళ్లు. బట్టీ మొదటిసారి మండుతుంటే చూడాలన్న ఆశతో నోటి ముందు వంగి చూస్తూ నిలబడింది. లోపల బండ పేలింది. తుపాకీ పేలినట్లే వినిపించింది. ఎర్రగా కాలిన పలక ముక్క ఒకటి దూసుకువచ్చి దాని ముంజేతిని చీల్చింది. మరో జానెడు పైకి వచ్చి ఉంటే కన్ను పోయేది. నలభై ఏళ్లు దాటినా ఆ జానెడు దూరమే నాకు కలలోకి వస్తుంది.

నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. పొరలు పొరలుగా ఉండే ఆ బండలో చిక్కుకున్న నీటికి బయటికి దారి దొరకలేదు, అదే దారి చేసుకుంది. మూడో రోజుకి గుమ్మటం కూడా నెత్తి నుంచి నోటి దాకా చీలింది. నాన్నగారికి తెలిస్తే బేకరీ మూయిస్తారని మీ అమ్మ ఆసుపత్రిలోనే నూనె కథ అల్లింది. కుట్లు వేస్తున్నప్పుడు కూడా నన్నే ఓదార్చింది.

కాబట్టి 31వ తేదీ మరిచిపో. వచ్చేవాళ్లకు మరేదైనా వండిపెట్టండి, వాళ్లు ఏమీ అనుకోరు. గుమ్మటం పూర్తయ్యాక వారం రోజులు తడి గోనెలు కప్పు, మరో మూడు వారాలు నీడలో ఆరనివ్వు. ఆ తరువాత మొదటి రోజు 100 డిగ్రీలు దాటకుండా, పిడికెడు పుల్లలతో నాలుగైదు గంటలు వెచ్చచేయి. రోజుకు 50 డిగ్రీల చొప్పున పెంచుతూ 300 దాకా రా. వేడిని చేత్తో అంచనా వేయకు, లేజరు థర్మామీటరు కొనుక్కో. మంట ఆరాక గోరువెచ్చగా ఉన్న దుప్పటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, తెల్లవారి తీసి చూడు. అడుగున నీటి బొట్లు కనిపిస్తే మరుసటి రోజూ అంతే వేడి చేయాలి తప్ప పెంచకూడదు. బొట్లు పూర్తిగా ఆగిన తరువాతే పై గిలాబా చేయించు. వెంట్రుక మందం పగుళ్లు వస్తాయి, వాటికి భయపడకు. కిరోసిన్ గానీ పెట్రోలు గానీ చల్లకు, మండుతున్న బట్టీలో నీళ్లు పోయకు. రంగు వేసిన చెక్కా, ప్లైవుడ్డూ కాల్చకు. పూర్తి మంట పెట్టిన రోజున మసి పట్టి నల్లబడిన గుమ్మటం మళ్లీ తెల్లబడితే, అప్పుడు పిజ్జా లోపల పెట్టు.

తుమ్మ కట్టెలు నేను పంపిస్తాను, పోయిన వేసవిలో చీల్చి ఎండబెట్టినవి ఉన్నాయి. ఉగాదికి నేనే వస్తాను. పిజ్జాలు అయ్యాక మరునాటి పొద్దున ఆ మిగిలిన వేడిలో బన్నులు ఎలా కాల్చాలో చూపిస్తాను, అది ఏ వీడియోలోనూ నేర్చుకునే పని కాదు.

మొదటి మంట రోజున మీ అమ్మను లోపలే ఉండమని చెప్పు. ఆమె ఉండదు, చూడటానికి తప్పకుండా వస్తుంది. అప్పుడు బట్టీ నోటికీ ఆమెకూ మధ్య నువ్వు నిలబడు.

ఇట్లు,
మీ మామయ్య