టెక్ సందేహాలు: మైకు తర్వాత, ముందు గది

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. గొంతు బాగుంటుందని అందరూ అంటుంటే వాయిస్ ఓవర్ చేద్దామనుకుంటున్నాను. పదిహేను వేలు దాచాను. మంచి కండెన్సర్ మైకు చెప్పండి. — ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ డబ్బు కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి. సీరియళ్లు, సినిమాల డబ్బింగ్ మీద మనసుంటే ఇంట్లో మైకే అక్కర్లేదు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల స్టూడియోల్లో వాళ్ల మైకు ముందే నిలబడాలి. పెదవుల కదలికకు మాట కలపడం అబ్బేది అక్కడే. ప్రకటనలు, ఈ-లెర్నింగ్ పాఠాలు, ఆడియో పుస్తకాలు అయితే ఇంటి రికార్డింగ్ నడుస్తుంది.

కాకపోతే ఇంట్లో చిక్కంతా గదితోనే. కండెన్సర్ మైకు మహా సున్నితం. మీ గొంతుతోపాటు ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి కుక్కర్ విజిల్, బోరు మోటారు, తలుపు వేయమని మొత్తుకునే లిఫ్టు, అన్నీ వినేస్తుంది. ఫ్యాను హోరులాంటి ఒకే తీరు శబ్దాన్ని ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని నాయిస్ రిడక్షన్‌తో కొంత తగ్గించొచ్చు. ఆడాసిటీ ఉచితం, 2000 నుంచీ ఉన్నదే. బోసి గోడలు, టైల్స్ నేల తిప్పికొట్టే మోత మాత్రం అంత సులువుగా వదలదు. బలవంతంగా తీయబోతే మీ గొంతే పాడవుతుంది.

స్నేహితుల దగ్గర ఏదో ఒక మైకు ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి. మామూలుగా చదివితే శబ్దం స్థాయి చూపే మీటరు -12, -6 డెసిబెల్స్ మధ్య ఆడేలా పెట్టి, అదే సెట్టింగులో ఫ్యాను ఆపేసి పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. ఆ మౌనం -60కి కిందుంటే గది పనికొస్తుంది. అమెజాన్ వారి ఏసీఎక్స్ ఆడియో పుస్తకాలకు పెట్టిన హద్దు కూడా అదే.

మోత తగ్గాలంటే బొంతలు, దుప్పట్లు చాలు. అందరూ వాటిని మైకు వెనక కడతారు. కార్డియాయిడ్ అనే రకం మైకు తన ముందువైపే ఎక్కువ వింటుంది, అంటే మీ వీపు వెనకున్న గోడను వింటోందన్నమాట. బొంత కట్టాల్సింది అక్కడ. తలుపులు తెరిచిన బట్టల బీరువాకు వీపు ఆనించి కూర్చున్నా సరే. గుడ్ల అట్టలు అంటించుకోమనే వీడియోలు చూసి గోడలు పాడుచేసుకోకండి, అవి బయటి శబ్దాన్ని ఆపవు.

ఇక కొనే సంగతి. ఇల్లు మెయిన్ రోడ్డు మీదుంటే అంత సున్నితం కాని డైనమిక్ మైకు, లోపలి గల్లీలో ఉంటే యూఎస్‌బీ కండెన్సర్. స్టూడియో తరహా మూడు పిన్నుల తీగతో వచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుకైతే, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె కూడా కావాలి. అది కండెన్సర్ అయితే ఆ ఇంటర్‌ఫేస్ తీగ ద్వారానే మైకుకు 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇవ్వాలి. ఆ ఖర్చు మొదటి పనికి అనవసరం. మైకు ముందు పెట్టే జల్లెడలాంటి పాప్ ఫిల్టర్ మాత్రం తప్పనిసరి. మన ఫ, భ, ధలు ఊదే గాలి మైకులో దబ్బుమంటుంది. మైకును జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టుకోండి. వీడియోల కోసమైతే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా రికార్డు చేయండి.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో డెమో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే ‘క్లారిటీ లేదు’ అంటున్నారు. నాకు పాటలు బాగానే వినిపిస్తున్నాయి కదా! — కూకట్‌పల్లి నుంచి

జవాబు: పాటలు వినేటప్పుడు బ్లూటూత్ ఒక దారిలో నడుస్తుంది, మైకు ఆన్ కాగానే చాలా పరికరాల్లో ఫోన్ కాల్ దారికి మారిపోతుంది. అక్కడ శాంప్లింగ్, అంటే సెకనుకు ధ్వనిని కొలిచే వేగం, 8 లేదా 16 కిలోహెర్ట్జే. 8 అయితే 4 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వనంతా పోతుంది. ‘స’లోని పదును ఎక్కువగా ఉండేది ఆ పైనే. ఫోన్‌లో ‘స’ చెబితే ‘ఫ’ అని విన్నవాళ్లకి ఇది తెలిసిన బాధే. వాట్సాప్ వాయిస్ నోట్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ మైకుతో రికార్డు చేసి, డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒకరు వాయిస్ ఓవర్ ఉద్యోగం ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతున్నారు. ఇంకొకరు డబ్బు ఇస్తాం, మూడు గంటలు చదివి పంపమంటున్నారు. — ఉప్పల్ నుంచి

జవాబు: మొదటిది మోసం. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రెండోది నిజమైన పనే కావచ్చు, అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. మూడు గంటల శుభ్రమైన రికార్డింగ్ చేతిలో ఉంటే మీ గొంతుకు ఏఐ నకలు సులువుగా తయారవుతుంది. 2024లో గాయకుడు అరిజిత్ సింగ్ దావాలో, అనుమతి లేకుండా ఏఐతో ఆయన గొంతును అనుకరించకుండా బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. అది అనుమతి లేని సందర్భం. మీరు సంతకం పెట్టేస్తే అనుమతి ఇచ్చినట్టే. ఒప్పందంలో ‘ట్రైనింగ్’ (ఏఐకి నేర్పడం), ‘సింథటిక్ వాయిస్’ (కృత్రిమ గొంతు), ‘శాశ్వతంగా’ అన్న మాటలున్నాయేమో వెతకండి. ఉంటే రేటు వేరే మాట్లాడాలి, ఎక్కడ ఎన్నేళ్లు వాడతారో రాయించుకోవాలి. అలా రాయనంటే ఆ ఫైలు పంపకండి.