నల్ల టబ్బుల్లోంచి మట్టిలోకి ఏం దిగుతుంది?

ప్రశ్న: మేడం, మేడ మీద కొన్నేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాం. వంగ, టమాటా, తోటకూర, గోంగూర అన్నీ చవగ్గా దొరికే నల్ల టబ్బుల్లోనే. ఎండకి అంచులు పెళుసుబారి ముక్కలు మట్టిలో రాలుతున్నాయి. అవి రీసైకిల్ ప్లాస్టిక్ అనీ, విషాలు దిగుతాయనీ, అన్నీ పారేయమనీ మా అమ్మాయి గొడవ. నిజంగా అంత టెన్షన్ పడాలా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: అమ్మాయి భయం ఊరికే పుట్టింది కాదండి. కానీ అన్నీ పారేయక్కర్లేదు, ముందు ఆ పెళుసుబారిన వాటి సంగతి చూడండి.

ప్లాస్టిక్‌లో రంగు కోసం, మెత్తదనం కోసం, ఎండకు తట్టుకోవడానికి, మంట అంటుకోకుండా ఉండటానికి ఏవేవో కలుపుతారు. ప్లాస్టిక్‌తో ముడిపడిన రసాయనాలు 13,000 పైనే ఉన్నాయనీ, వాటిలో 3,200కి పైగా హాని చేసే గుణాలున్నవనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2023లో లెక్క చెప్పింది. వీటిలో చాలావరకు ప్లాస్టిక్‌తో కలిసిపోయి ఉండవు, మధ్యలో ఇరుక్కుని ఉంటాయంతే. ఎండ, వేడి, నూనె, పులుపు తగిలేకొద్దీ, ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వస్తాయి. కొత్త ప్లాస్టిక్‌లోనూ ఇది ఉన్నదే, కాకపోతే అందులో ఏం వేశారో తయారుచేసినవాళ్లకైనా తెలుసు. నాలుగు చోట్ల నుంచి వచ్చిన తుక్కు కలిపి కరిగించినదాంట్లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాళ్లకీ తెలియదు, నాకు కోపం వచ్చేది ఇక్కడే.

నలుపు ఎందుకంటే, రంగురంగుల తుక్కు కరిగిస్తే మురికి బూడిద రంగు వస్తుంది, కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నల్ల పొడి వేస్తే అంతా కప్పబడిపోతుంది. ఆ తుక్కులో పాత డబ్బా టీవీల వెనక పెంకులు కూడా ఉండొచ్చు. వాటిలో మంటలు అంటుకోకుండా బ్రోమిన్ ఉన్న రసాయనాలు కలిపేవారు. అందులో డెకాబీడీఈ అనేదాన్ని 2017లో, ఏళ్ల తరబడి పోని విషాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధించాల్సిన వాటిలో చేర్చారు, అయినా పాత టీవీలు తుక్కులోకి వస్తూనే ఉన్నాయి. అదే ఏడాది 26 దేశాల్లో కొన్న పిల్లల బొమ్మలు, ముఖ్యంగా తిప్పి ఆడే రంగుల క్యూబ్‌లు పరీక్షిస్తే 90 శాతం వాటిలో ఈ జాతి రసాయనాలు దొరికాయి. టీవీ పెంకులో ఉండాల్సింది పిల్లల చేతిలోకి ఇలా వస్తుంది.

ఇక మీ తోట. ఈ బ్రోమిన్ రసాయనాలు నీళ్లలో సరిగా కరగవు కాబట్టి తోటకూర ఆకుల్లోకి గబగబా ఎక్కేస్తాయని భయపడకండి. కానీ మట్టిని పట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి, దుమ్ములో లేస్తాయి, వానపాముల ఒంట్లోకి చేరతాయి. మెత్తదనం కోసం పీవీసీలో కలిపే థాలేట్ల సంగతి వేరు, అవి అంత గట్టిగా పట్టుకుని ఉండవు. చైనాలో ప్లాస్టిక్ షీట్లు పరిచి సాగుచేసే కూరగాయల తోటల్లో మట్టిలోనూ, కూరల్లోనూ కూడా అవి కనిపించాయి.

టబ్బు అంచు మీద వేలితో గట్టిగా రుద్దండి. సుద్దలా పొడి అంటినా, గోటితో నొక్కితే టక్కున విరిగినా దాని పని అయిపోయినట్టే. ప్లాస్టిక్‌ని కరిగించిన ప్రతిసారీ దాని బలం తగ్గుతుంది, ఎండను తట్టుకోవడానికి వేసిన మందు కూడా కొంత అయిపోతుంది, అందుకే ఈ చవక టబ్బులు మన ఎండలకు ఎక్కువ కాలం ఆగవు. ముక్కలైన కొద్దీ లోపలివి బయటికి రావడం సులువు, తొలకరి వానకి ఆ నలుసులు గొట్టంలోంచి కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతాయి. అలాంటి టబ్బుల్లో మట్టిని జల్లెడ పట్టి ముక్కలు ఏరేయండి. గట్టిగా ఉన్నవాటిలో పూలమొక్కలు, క్రోటన్లు పెట్టుకోండి, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపల్ని మట్టి కుండీల్లోకో ఇటుకల మడిలోకో మార్చండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, విరిగినవాటిని చలిమంటలో వేయకండి. పీవీసీ, బ్రోమిన్ ఉన్న ప్లాస్టిక్ తగలబడితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, అవి మనం ఇంతసేపూ చెప్పుకున్న వాటికన్నా చాలా ప్రమాదం.

ప్రశ్న: మిర్చి రైతుని సార్. మందు కొట్టాక ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాళ్లకి కిలోల లెక్కన ఇచ్చేస్తాం. కొందరు పెద్ద డబ్బాలు కడిగి నీళ్లకి పెట్టుకుంటారు. కడిగితే పోదా? (ఒక రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: పూర్తిగా పోదండి. మందు డబ్బా గోడలోకి కొంత ఇంకి ఉంటుంది, సబ్బుతో ఎంత రుద్దినా అది పైకి రాదు, తర్వాత మెల్లమెల్లగా నీళ్లలోకి వస్తుంది. తాగేనీళ్లు, పశువుల నీళ్లు, చివరికి పప్పులు పోసుకోవడానికి కూడా వద్దు. పాత సామాన్ల దుకాణంలో నీలం డ్రమ్ము అమ్మేటప్పుడు ఏదో నూనె డ్రమ్మేనండీ అంటారు, దాంట్లో ముందు ఏముందో చెప్పే కాగితం ఉండదు కదా.

మీరు అమ్మిన డబ్బా ఎటు పోతుందో కూడా చూడండి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 13 దేశాల నుంచి రీసైకిల్ ప్లాస్టిక్ గుళికలు (తుక్కు కరిగించి చేసే ముడిసరుకు) తెప్పించి పరీక్షిస్తే వందల రసాయనాలు బయటపడ్డాయి, వాటిలో పురుగుమందులు, మనుషులు వాడే మందులు కూడా ఉన్నాయి. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత ఇలాంటి గుళికల్ని 48 గంటలు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో జీబ్రాఫిష్ అనే చిన్న చేపల పిల్లల్ని ఐదు రోజులు ఉంచారు. వాటిలో కొవ్వుకీ, హార్మోన్లకీ సంబంధించిన జన్యువుల తీరు మారింది. గుళికల్ని తీసేసిన ఒట్టి నీళ్లే ఆ పని చేశాయంటే, మన వాగుల్లో చెరువుల్లో ఉన్న చేపల మాటేంటి?

డబ్బా ఖాళీ కాగానే మూడుసార్లు నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసి చేనుకే కొట్టేయండి, కాలువ దగ్గర కడగొద్దు. తర్వాత అడుగున చిల్లు పెట్టండి, ఇంకెవరూ నీళ్లకు పెట్టుకోరు. మందు కొన్న చోట డబ్బాలు వెనక్కి తీసుకోమని పదిమంది రైతులు కలిసి అడగండి. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని వెనక్కి తెప్పించే బాధ్యత కంపెనీలదే అని కేంద్రం 2022లో రూలు పెట్టింది, అందుకే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: ఇన్నాళ్లూ రీసైకిల్ చేయమని మీరే రాశారు. ఇప్పుడు వద్దంటారా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: వద్దనను. తాగే నీళ్ల సీసాలు విడిగా పోగుచేసి మళ్లీ అవే చేయడంలో తిప్పలు తక్కువ, ఎందుకంటే అంతా ఒకే రకం, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అన్నీ కలిపి కరిగించి, నలుపు పూసి, గరిటగానో బొమ్మగానో అమ్మడం వేరు. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి కనీసం 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలని నిబంధన వచ్చింది. శాతం పెంచడం మంచిదే, కానీ అందులో ఏముందో పరీక్షించే ఏర్పాటు కూడా అంతే వేగంగా పెరగాలని నేను అంటాను.

హైదరాబాద్ కాటేదాన్ లాంటి ప్లాస్టిక్ రీసైకిల్ చేసే చోట్ల తుక్కు కడిగిన నీళ్ల సంగతి కూడా ఉంది. 2023లో బ్రిటన్‌లో ఒక రీసైక్లింగ్ ప్లాంట్‌ని పరిశీలిస్తే, ఫిల్టర్ పెట్టకముందు లోపలికి వచ్చిన ప్లాస్టిక్‌లో 13 శాతం దాకా, పెట్టాక కూడా 6 శాతం దాకా నలుసులుగా కడిగిన నీళ్లలో పోయే వీలుందని తేలింది. కొత్త ప్లాంటు అది, మరి ఫిల్టరే లేని షెడ్లలో ఎంత పోతుందో ఆలోచించండి.

తిండి తగిలే చోట, పిల్లల నోట్లోకి వెళ్లే చోట ఇలా ఎక్కడిదో తెలియని రీసైకిల్ ప్లాస్టిక్ వద్దు. చెత్తడబ్బాలు, కుర్చీలు, గోడౌన్ ప్యాలెట్లు అయితే నిక్షేపంగా వాడుకోవచ్చు. కేంద్రం 2016లో తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో రీసైకిల్ వస్తువుల్లో వండిన తిండి పెట్టకూడదనే ఉంది, తర్వాతి సవరణల్లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలకు సరిపడేవాటికి మాత్రం దారి ఇచ్చారు. కొనేటప్పుడు అడుగున త్రిభుజంలోని అంకె చూసి మోసపోవద్దు, అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది అంతే, తిండికి పనికొస్తుందని చెప్పదు.