అత్తగారి ఫిట్స్ మందు సంగతి

అమ్మాయీ,

నువ్వు పంపిన వార్త చదివాను. ఫిట్స్ మందుతో మెదడుకు పాకిన క్యాన్సర్ తగ్గుతుందట, మా అత్తయ్యకూ మొదలుపెట్టమని డాక్టరుగారిని అడగనా పెదనాన్నా అని రాశావు. అడుగు. కాకపోతే ఏం అడగాలో తెలుసుకుని వెళ్లు. క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

అది గాలి కబురేమీ కాదు. మెదడుకు చేరిన రొమ్ము క్యాన్సర్ కణాలు నాడీకణాలు కలిసే చోటికి వెళ్లి, అక్కడ విడుదలయ్యే గ్లుటమేట్‌ను (నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం) తమ ఎదుగుదలకు వాడుకుంటున్నాయని 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. పక్కింటి కరెంటు తీగకు కొక్కెం తగిలించుకోవడం లాంటిదే. నువ్వు చూసిన వార్త 2025 నాటిది. స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఎలుకలకు లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మందు ఇస్తే మెదడులో ఆ కణాలు తగ్గాయి. నరాల అతి చురుకును అణచడమే ఫిట్స్ మందుల పని. పైగా చాలా కీమో మందులు దాటలేని, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే గోడను ఇవి దాటతాయి. అందుకే అంత ఆశ.

కానీ అవి ఎలుకలు. మీ అత్తగారిది ఆ జబ్బూ కాదు, రొమ్ము క్యాన్సర్. ఇలాంటి ఆశే వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందు మీద కూడా పెట్టుకున్నారు. మెదడులోనే పుట్టే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో అది ఆయుష్షు పెంచుతుందేమో అనిపించింది. 2016లో 1,800 మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూస్తే అలాంటి లాభమేదీ తేలలేదు. లెవెటిరాసెటామ్‌కూ అదే ఫలితం. ఇంతవరకూ ఫిట్సే రాని మనిషికి ముందుజాగ్రత్తగా ఈ మందులు మొదలుపెట్టవద్దని 2021 నాటి మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మీ అత్తగారికి ఒకసారి ఫిట్స్ వచ్చాయన్నావు కదా, కాబట్టి ఆమెకు మందు ఎలాగూ కావాలి. ఏ మందు అన్నదే అసలు ప్రశ్న. నా మటుకు ఆ వార్తకన్నా ఇదే ముఖ్యం. ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందులు, ఒంట్లోని మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైములను రెచ్చగొడతాయి. దాంతో లపాటినిబ్, టుకాటినిబ్ లాంటి క్యాన్సర్ మాత్రలు ఒంట్లో నిలవక ముందే కరిగిపోతాయి. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథసోన్ పనీ మందగిస్తుంది. మాత్ర రోజూ మింగుతున్నా మందు అందనట్టే లెక్క. వాల్‌ప్రోయేట్‌తో ఆ చిక్కు లేదు గానీ ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, కీమో నడుస్తున్నప్పుడు అది చిన్న విషయం కాదు. లెవెటిరాసెటామ్ మిగతా మందుల జోలికి పెద్దగా పోదు, అందుకే క్యాన్సర్ డాక్టర్లు ఎక్కువగా దానివైపే మొగ్గుతారు. కిడ్నీ పనితీరును బట్టి డోసు మార్చాలి. కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. అత్తగారు ఉన్నట్టుండి కసురుకుంటే నీ మీద మనసు విరిగిందని అనుకోకు, డాక్టరుతో చెప్పు.

పెరంపనెల్ అనే ఇంకో ఫిట్స్ మందు పేరు కూడా ఎక్కడో చదివే ఉంటావు. గ్లుటమేట్‌కు ఒక ద్వారం మూసేది అదే, కాబట్టి పరిశోధకుల కన్ను దానిమీదా ఉంది. దాంతో దూకుడు, కొట్టేంత కోపం రావచ్చని మందు అట్టపెట్టెలోని కాగితంలోనే గట్టి హెచ్చరిక ఉంటుంది. ట్రయల్‌లో, అంటే రోగుల మీద పద్ధతిగా జరిపే పరీక్షలో తప్ప, క్యాన్సర్ కోసమని ఎవరు ఇస్తామన్నా ఒప్పుకోకు.

ఇప్పుడు వాడుతున్నది ఏదైనా సరే, వార్త చదివి మానెయ్యడం, మార్చడం మాత్రం చెయ్యకండి. ఉన్నపళంగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. మార్చాల్సి వస్తే కొత్తది పెంచుతూ పాతది తగ్గిస్తారు.

డాక్టరుగారిని అడగాల్సింది ఇది: ఈ ఫిట్స్ మందు ఆమె క్యాన్సర్ మందుతో పడుతుందా? ఆమె రకం క్యాన్సర్‌కు ఇలాంటి ట్రయల్ ఎక్కడైనా నడుస్తోందా, ఆమె అర్హురాలేనా? రేడియేషన్ చెబితే మెమాంటిన్ సంగతి కూడా అడుగు. అది ఫిట్స్ మందు కాదు, క్యాన్సర్‌ను తగ్గించేదీ కాదు. మెదడంతటికీ రేడియేషన్ ఇచ్చేటప్పుడు జ్ఞాపకశక్తిని కాపాడటానికి వాడతారు.

వెళ్లేముందు చీటీలన్నీ, రొమ్ము క్యాన్సర్ ఏ రకమో చెప్పే హెర్2 రిపోర్టూ ఫొటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న