పోలీస్ భర్తీకి డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పన్నెండో తరగతి పాసైన మా అమ్మాయి పోలీస్ భర్తీకి వెళ్తానంటోంది. డబ్బు కట్టనిదే ఉద్యోగం రాదని తెలిసిన ఒకాయన అంటున్నాడు. ఎంపిక ఎలా జరుగుతుంది? ఆ ఉద్యోగంలో ఆడపిల్ల చేయగలిగేదేమిటి?

జవాబు: ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మహారాష్ట్రలో పోలీస్ శిపాయి (కానిస్టేబుల్) పోస్టులను జిల్లాలవారీగా, మార్కుల ప్రకారమే నింపుతారు. వాటిలో 30 శాతం మహిళలకు కేటాయిస్తారు. కనీసం 155 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయికి మైదానంలో 50 మార్కుల పరీక్ష ఉంటుంది: 800 మీటర్ల పరుగుకు 20, 100 మీటర్ల పరుగుకు 15, షాట్‌పుట్‌కు 15. అందులో సగం తెచ్చుకున్నవారిలోనూ ఖాళీకి పదిమంది చొప్పునే రాతపరీక్షకు పిలుస్తారు గనుక 25 మార్కులతో సరిపెట్టుకోకూడదు. 100 మార్కుల రాతపరీక్షలో లెక్కలు, సామాన్యజ్ఞానం, బుద్ధిపరీక్షతో పాటు మరాఠీ వ్యాకరణం ఉంటుంది. తెలుగింటి పిల్లలు దానికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఇక మీ రెండో ప్రశ్న నాకు మరింత ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం గురించి ఎవరైనా నోటితో చెప్పినా స్టేషన్ అధికారి దాన్ని రాయించి, చెప్పినవారికి చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నేరం ప్రాణహిత నది అవతల, తెలంగాణలో జరిగినా సిరొంచ వైపు స్టేషన్‌లోనే సమాచారం ఇవ్వవచ్చు. అత్యాచారం వంటి నేరాల్లో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే నమోదు చేయాలి. మరాఠీ రాని ఒక తల్లి వణుకుతూ తెలుగులో చెప్పుకుంటున్నప్పుడు, ఆమె మాటను అర్థం చేసుకుని, మరాఠీలో రాసిన కాగితాన్ని తిరిగి తెలుగులో వినిపించగల పోలీసు ఆ స్టేషన్‌లో లేకపోతే ఈ హక్కు సగమే అందినట్టు. రెండు భాషలూ వచ్చిన మీ అమ్మాయి విలువ అక్కడ ఉంది. బందోబస్తు, దర్యాప్తు ఎంత పెద్ద పనులైనా, సామాన్యుడికి పోలీసు వ్యవస్థ ముందుగా కనిపించేది ఫిర్యాదు విన్నవారి ముఖంలోనే.

ప్రకటన వెలువడేదాకా ఆగకుండా డొమిసైల్ (స్థానిక నివాస), కుల ధ్రువపత్రాలను, ఓబీసీ వారైతే నాన్ క్రీమీలేయర్ పత్రాన్ని (సంపన్న శ్రేణికి చెందరని తెలిపేది) తహసీల్ కార్యాలయంలో దరఖాస్తు చేసి తెప్పించుకోండి. పరుగు సాధన ఈ వారమే మొదలుపెట్టించండి.