ఇంట్లో బీరు కాచేటప్పుడు వోర్ట్‌ను ఎంత జోరుగా మరిగించాలి?

పాత్ర మధ్యలో ద్రవం పైకి ఉబికి అంచుల వైపు తిరగబడుతూ ఉండేంత మరుగు చాలు. ఎగిరి చిందేంత మంట అక్కర్లేదు.

మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ వంటి గింజలను, వేడినీళ్లలో నానబెట్టి తీసిన తియ్యని ద్రవమే వోర్ట్. మరిగేటప్పుడు అందులోకి హాప్స్ అనే పూల చేదు దిగాలి, ప్రోటీన్లు విరిగి ముద్దకట్టాలి, ఉడికిన మొక్కజొన్న వాసన తెచ్చే డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరితో బయటికి పోవాలి. లేత రంగు పిల్స్‌నర్ మాల్ట్‌లో ఈ వాసనకు మూలపదార్థం ఎక్కువ. అందుకే మూత పూర్తిగా పెట్టకూడదు. మూతకు పట్టిన చెమ్మ బొట్లుబొట్లుగా మళ్లీ లోపలికే రాలుతుంది.

ఆవిరి లెక్క తప్పితే బీరు గాఢతే మారిపోతుంది. 25 లీటర్ల వోర్ట్ సాంద్రత 1.040 (నీళ్లది 1.000) అనుకుందాం. గంటలో 4 లీటర్లు ఇగిరితే అది 1.048 దగ్గర తేలుతుంది. అదే 7 లీటర్లు ఇగిరితే మిగిలేది 18 లీటర్లే, సాంద్రత 1.056. మంటను, పాత్ర వెడల్పును బట్టి ఇది మారుతుంది కనుక ఎవరి పాత్రలో వారు ముందుగా ఉత్త నీళ్లు గంటసేపు మరిగించి కొలుచుకోవడం మేలు. మరీ చిక్కబడితే చివర్లో కాచిన నీళ్లు కలపవచ్చు.

మంట పెంచితే వేడి పెరిగి చేదు బాగా దిగుతుందన్నది చాలామంది అపోహ. మరుగు పట్టాక ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అదనపు గ్యాసంతా ఆవిరికే ఖర్చు. మరిగే ఉష్ణోగ్రతను నిజంగా మార్చేది ఎత్తు: సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల పైనున్న అమెరికా నగరం డెన్వర్‌లో మరుగు 95 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది, అంతే చేదు కావాలంటే అక్కడ హాప్స్ కాస్త ఎక్కువ వేయాలి.